పందెం పడని అరుగులు

పోయిన వారం కొత్త ఫోన్ కొనుక్కున్నాను. పాత ఫోన్‌ను దాని పక్కన పెట్టి రెండింటినీ కలిపితే ఫోటోలు, నంబర్లు, ఎప్పుడో సగం చదివి వదిలేసిన పుస్తకాలు అన్నీ ఒకదాని వెనుక ఒకటి కొత్త ఇంట్లోకి నడిచి వచ్చాయి గానీ, ఒక్క బొమ్మ మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయింది. నాలుగు రెక్కల పచ్చీసు పటం, మధ్యలో నోరు తెరుచుకున్న ఒక గవ్వ. వేలితో తాకితే ఈ యాప్ ఇప్పుడు అందుబాటులో లేదని ఒక పొడి మాట వచ్చింది. ఆ ఆటలో ఒకప్పుడు కనిపించిన తెలుగు మాటలన్నీ నేను రాసినవే. ఈ పొడి మాట మాత్రం నాది కాదు.

ముప్పై కూడా నిండనిది అప్పుడే పాత రోజుల గురించి చెప్పడానికి కూర్చుందేమిటని నవ్వుకోకండి. నా ఈడు వాళ్ళలో చాలామంది మొదటి ఉద్యోగం మంచం మీద దిండుకు ఆనుకుని, పై ఆఫీసర్ల ముఖాలు చూడకుండానే చేసిన వాళ్ళు. మా పాత రోజులు గోడల మధ్య జరగలేదు, అందుకే మళ్ళీ ఒకసారి వెళ్ళి చూసి రావడానికి కూడా ఏమీ మిగల్లేదు.

అది రెండు వేల ఇరవై. ఊళ్ళన్నీ తలుపులు వేసుకున్న సంవత్సరం. మేము ఫుజైరాలో ఉండేవాళ్ళం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం. మా బాపు, అంటే నాన్న, ఓడలకు నూనె పోసే కంపెనీలో స్టోరు చూస్తాడు. డిగ్రీ పూర్తి చేసి, నలుగురిలో నోరు తెరవలేని నా గుణానికి ఏ ఉద్యోగం దొరుకుతుందా అని దిగులు పడుతున్న రోజుల్లో, దుబాయ్‌లో ఒక చిన్న గేముల కంపెనీ వాళ్ళకు తెలుగు రాసే మనిషి కావాలని తెలిసింది. ఇంటి నుంచే పని, కెమెరా పెట్టక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, రాస్తే చాలు. డైరీ తప్ప ఇంకెవరికీ రాయని నాకు అది దేవుడే వెతికి పెట్టిన పనిలా అనిపించింది.

వాళ్ళు చేసిన ఆట పచ్చీసు. నలుగురు నాలుగు ఊళ్ళలో ఉండి ఒకే పటం మీద కాయలు నడుపుకోవచ్చు, ఆడుతూ ఒకరి గొంతు ఒకరు వినవచ్చు. మామూలు యాప్‌లలో ఊరికి మాట్లాడాలంటే ఇక్కడ వేరే ప్యాకేజీ వేసుకోవాలి కాబట్టి, పనివాళ్ళ క్యాంపుల్లో ఉండే మనవాళ్ళు ఈ ఆటలోకి గుంపులు గుంపులుగా వచ్చారు. నేను చేరేసరికి అందులోని తెలుగు ఏదో యంత్రం రాసినది. కాయ చస్తే ‘మీ టోకెన్ వధింపబడినది’ అని వచ్చేది. దాన్ని తీసేసి ‘కాయ చచ్చింది, మళ్ళీ ఎక్కించండి’ అని రాశాను. ఆటగాళ్ళు కలుసుకునే చోటును ‘గది’ అన్నారు, నేను ‘అరుగు’ అన్నాను. రోజూ ఆడేవాళ్ళను వాళ్ళ మామూలు వేళకు పిలవడానికి ఒక వాక్యం కావాలంటే, చాలాసేపు ఆలోచించి, ‘మీ జోడీ అరుగు మీద కూర్చున్నారు. వస్తారా?’ అని రాశాను. నిజానికి ఆ పిలుపు ఇద్దరికీ ఒకేసారి వెళ్ళేది. అప్పటికి అరుగు మీద ఎవరూ ఉండరు. అవతలివాళ్ళు తమ కోసం ముందే వచ్చి కూర్చున్నారనుకుని ఇద్దరూ వచ్చేవాళ్ళు, వచ్చాక చూస్తే ఆ మాట నిజమే అయ్యేది.

ఆటను ఇంట్లోవాళ్ళతో ఆడించి చూడమని కంపెనీ అడిగినప్పుడు నాకు గుర్తుకొచ్చింది మా పెద్దబాపు, అంటే మా బాపు వాళ్ళ అన్న. అబూదాబీ అవతల మఫ్రఖ్‌లో పైపుల కంపెనీ క్యాంపులో ఉంటాడు. నేను పుట్టకముందే వచ్చినవాడు. పెద్దమ్మ జగిత్యాల పక్కన మా ఊళ్ళోనే ఉండి, బీడీలు చేసుకుంటూ ఒక్క కూతురిని చదివించి పెళ్ళి చేసింది. వాళ్ళిద్దరికీ మధ్య గొడవేమీ లేదు. మాటలే లేవు. వారానికోసారి ఫోన్ చేసుకుంటే, తిన్నవా అంటే తిన్న, పానం మంచిగున్నదా అంటే ఉన్నది, మరి ఉంటా అంటే ఉండు. అంతదూరంలో అన్నేళ్ళున్న మనుషులకు చెప్పుకోవడానికి కొండంత ఉంటుందని మనం అనుకుంటాం గానీ, రోజూ ఒకే ఇంట్లో మసలేవాళ్ళకే చిల్లర కబుర్లు పుడతాయి. దూరంగా ఉన్నవాళ్ళకు పెద్ద కబుర్లే ఉండాలి, పెద్ద కబుర్లు రోజూ ఎక్కడ నుంచి వస్తాయి?

పెద్దమ్మ ఫోన్‌లో ఆటను మా అక్క, అంటే వాళ్ళ కూతురు, ఎక్కించి ఇచ్చింది. ఇద్దరికీ తెలియకపోతే చెప్పడానికి మూడో చేయిగా నేను కూర్చున్నాను. మొదటి రోజు నా అవసరం ఒక్కసారి కూడా రాలేదు. పెళ్ళయిన కొత్తలో ముసురు పట్టిన రోజుల్లో వాళ్ళిద్దరూ పచ్చీసు ఆడుకునేవాళ్ళని నాకు అప్పుడే తెలిసింది.

“ఎయ్యవేందే గవ్వలు? చేతిల వట్టుకొని కూసున్నవ్,” అన్నాడు పెద్దబాపు.

“ఎయ్యకపోతే ఏమాయె. నీ కాయ యాడికి వోతది, నువ్వు యాడికి వోతవ్,” అంది పెద్దమ్మ.

నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వాను. పెద్దమ్మ అలా మాట్లాడగలదని నాకు తెలియదు. ఇంకాస్త ఆటయ్యాక, ఇంటికి రెండు గళ్ళ దూరంలో ఉన్న పెద్దబాపు కాయను చంపేసి, “ఇంటి ముంగట దాక అచ్చి ఆగిపోవుడు నీకు అలవాటే గద,” అంది. పెద్దబాపు పకపకా నవ్వాడు. అతని వెనుక మంచాల మీద పడుకున్న వాళ్ళెవరో హిందీలో ఏమైందని అడగడం, ఇంట్లో యుద్ధం జరుగుతోంది భాయ్, నువ్వు పడుకో అని ఇతను చెప్పడం వినిపించింది.

అలా మొదలైంది. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి పెద్దబాపు, బీడీల చాట పక్కన పెట్టి పెద్దమ్మ, ఇద్దరి ఫోన్లలోనూ నేను రాసిన పిలుపు మోగగానే అరుగు ఎక్కేవాళ్ళు. నాకంటే ముందే అచ్చి కూసుంటవ్, పని లేదా అని అతను, పిలిచింది నువ్వే గద అని ఆమె. ఎవరు పిలిచారన్నది ఎన్నడూ తేలేది కాదు, నేను తేల్చేదాన్నీ కాదు. ఆట సాకుగా మాటలు వచ్చేవి. గవ్వలు చేతిలో ఉండగానే పక్కింటి బర్రె ఈనిన సంగతి వచ్చేది, క్యాంపు మెస్సులో పప్పు నీళ్ళలా ఉన్న సంగతి వచ్చేది, అక్క చిన్నప్పుడు బావిలో చెప్పు పడేసుకున్న సంగతి వచ్చేది. గవ్వల పందెం ఒకటి పడితే మాటలు పది పడేవి. నేను నా కాయలను ఊరికే తిప్పుతూ, ఒక్కోసారి పుస్తకం చదువుకుంటూ, వాళ్ళను వింటూ ఉండేదాన్ని. నా డైరీలో ఆ నెలల పేజీలు తీస్తే నా గురించి ఒక్క ముక్క ఉండదు.

ఇక్కడ మా బిల్డింగ్ కింద ఉండిన కెఫెటేరియా గురించి కొంచెం చెప్పాలి. దాని ముందు ఫుట్‌పాత్ మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. పోర్టు డ్రైవర్లు, మా బాపు, కింద లాండ్రీ నడిపే నెల్లూరు సాయిబు ఒక్క కరక్ చాయ్ తీసుకుని సాయంత్రమంతా అక్కడే కూర్చునేవాళ్ళు. ఆ కెఫెటేరియాలో కొత్తగా వాటా తీసుకున్న మనిషి ఒకరోజు ఆ లెక్క చూసుకున్నాడు. ఒక్క చాయ్‌కి ఇంతసేపు కుర్చీ ఎందుకని కుర్చీలు తీయించేశాడు. వాళ్ళు లేస్తే వేరేవాళ్ళు వచ్చి కూర్చుంటారనుకున్నాడు గానీ, వీళ్ళు కూర్చుని ఉండడం చూసే వేరేవాళ్ళు కారు ఆపేవాళ్ళని అతనికి తట్టలేదు. నిలబడి చాయ్ తాగడానికి ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకు అక్కడ మొబైల్ కవర్ల దుకాణం వచ్చింది, అదీ పోయింది, ఇప్పుడు షట్టర్ మీద అద్దెకు ఇవ్వబడును అని అరబిక్‌లో ఉంది. కుర్చీలు తీసేసిన రోజు బాపు పైకి వచ్చి, “ఖలాస్, ఇగ ఇంట్లనే తాగుడు,” అన్నాడు. ఇంట్లో ఆయన చాయ్ తాగుతాడు గానీ మాట్లాడడు.

మా కంపెనీలోనూ అదే జరిగింది, కాకపోతే అక్కడ కుర్చీలు కంటికి కనిపించేవి కావు. మరుసటి ఏడాది పెట్టుబడి పెట్టినవాళ్ళు రాబడి అడగడం మొదలుపెట్టారు. మేమందరం ముదీర్ అని పిలిచే మా మేనేజరు హైదరాబాద్ మనిషి, చెడ్డవాడు కాదు, నేను రాసిన మాటలు చదివి నవ్వుకునేవాడు. ఒక మీటింగులో తెర మీద బొమ్మ గీసి చూపించాడు. వేలకు వేల అరుగులు తెరిచి ఉన్నాయి, వాటి మీద మనుషులున్నారు, పందేలు మాత్రం పడడం లేదు. పందెం పడకపోతే ఆట ముగియదు, ఆట ముగియకపోతే ప్రకటన రాదు. వాటికి పందెం పడని అరుగులని పేరు పెట్టి, కొళాయి కారుతున్నట్టు మాట్లాడారు. మందు కూడా వాళ్ళ దగ్గరే ఉంది. ఇక నుంచి అర నిమిషంలో గవ్వలు వేయకపోతే ఆట తనంతట తానే వేసేస్తుంది, ఆట ముగిసిన వెంటనే మాట తెగిపోతుంది.

ఆ రోజు నేను మాట్లాడాను. ఉద్యోగంలో చేరాక మీటింగులో నా గొంతు వినడం వాళ్ళకు అదే మొదటిసారి. నా చెవులకు కూడా అది ఎవరిదో గొంతులా వినిపించింది. వాళ్ళు ఆడక కాదండీ, మాట్లాడుకుంటున్నారు, పందెం ఆపుకుని మాట్లాడుకోవడానికే మన ఆటకు వస్తున్నారు, అది తీసేస్తే రారు అని చెప్పాను.

“అమ్మా, మనం నడిపేది గేమా, టెలిఫోన్ ఎక్స్ఛేంజా?” అన్నాడు ముదీర్.

అందరూ నవ్వారు, మెత్తగానే నవ్వారు. అతను కూడా మెత్తగానే, నీ మాట రాసుకున్నాను, వచ్చే మూడు నెలలు గడవనీ, తర్వాత చూద్దాం అన్నాడు. అక్కడ అందరూ వచ్చే మూడు నెలల గురించే మాట్లాడేవాళ్ళు. నేను మైకు ఆపేసి, ‘త్వరగా వేయండి, సమయం అయిపోతోంది’ అనే వాక్యం రాయడానికి కూర్చున్నాను. ఆ ఎర్ర గడియారం పక్కన కనిపించే తెలుగు కూడా నాదే కావాలి కదా.

పెద్దమ్మ ఆ గడియారానికి భయపడింది. బర్రె సంగతి సగంలో ఉండగా ఆమె గవ్వలు వాటంతట అవే పడిపోయేవి. “ఎవడో నా చేతిలకెల్లి గుంజుకొని ఏత్తున్నడు,” అనేది. మాట ఆపి ఆడాలి, లేదా ఆట పోగొట్టుకుని మాట్లాడాలి, రెండూ కుదరక ఇద్దరూ గబగబా వేసుకుంటూ, ఊపిరాడని మనుషుల్లా ఆడేవాళ్ళు. అయినా వస్తూనే ఉన్నారు. తర్వాత కంపెనీ పందేలు అమ్మడం మొదలుపెట్టింది. చిన్న మొత్తం కడితే పది గళ్ళ దస్సో, ఇరవై అయిదు గళ్ళ పచ్చీసో మనకు కావలసింది పడుతుంది. మా పెద్దబాపు ఎన్నడూ కొనలేదు, కొనడం అతనికి రాదు కూడా. కానీ అతనికి పెద్ద పందెం పడినప్పుడల్లా పెద్దమ్మ, “కొన్నవా ఏంది?” అనేది. మొదట అది ఎగతాళే. అతనూ, అవునే, నీ కోసం బంగారం బదులు పందెం కొన్న అనేవాడు. వింటూ వింటూ ఉంటే ఆ ప్రశ్నలో నవ్వు రోజురోజుకూ పలచబడడం నాకు తెలుస్తూ ఉండేది.

జనం తగ్గారు. తగ్గిన కొద్దీ ఉన్నవాళ్ళ మీద ఇంకా ప్రకటనలు వేశారు, ఇంకా తగ్గారు. అప్పుడు పచ్చీసు పాతబడిందనీ, ఆటలో భూములు, బొమ్మలు కొని అమ్ముకునే కొత్తరకం గేమే భవిష్యత్తనీ ఎవరో వాళ్ళకు చెప్పారు. మా మీద వచ్చేదంతా దానిలో పోశారు. ఆ మోజు వచ్చినంత వేగంగానే పోయింది. అదృష్టం ఎటు తిరిగితే అటు పరుగెత్తే వాళ్ళకు, తమ అరుగుల మీద రోజూ వచ్చి కూర్చునే మనుషులు ఒక్కసారీ అదృష్టంలా కనిపించలేదు. ఒక నెలాఖరున పచ్చీసు సర్వర్ ఆపేస్తున్నామని ఉత్తరం వచ్చింది, అందులోనే మా ఉద్యోగాల సంగతీ ఉంది. ఆటగాళ్ళకు చెప్పే వీడ్కోలు మాట రాయమని నన్నే అడిగారు. రాశాను. ముదీర్ ఆఖరిసారి ఫోన్ చేసి, నువ్వు ఆ రోజు చెప్పింది నిజమే అమ్మా అన్నాడు. నిజమని తెలిసి మాత్రం ఏం లాభం? అతని ఉద్యోగం కూడా పోయింది.

ఆఖరి రోజున ఆట మధ్యలో ఆగిపోయింది. పందెం పెద్దమ్మది. పటం పోయింది, గొంతులు పోయాయి. తర్వాతి వారం పెద్దబాపు మా బాపునూ కలుపుకుని పెద్దమ్మకు మామూలుగా ఫోన్ చేస్తే మళ్ళీ తిన్నవా, తిన్న, ఉంటా, ఉండు. బాపు పక్కన కూర్చుని స్పీకర్‌లో ఆ మాటలు విని నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అయితే పెద్దబాపు అంత తేలిగ్గా వదలలేదు. యాప్ లేకపోతే ఏంది, మనమే ఆడుదాం అన్నాడు. అతను క్యాంపులో అట్టపెట్టె చింపి పటం గీసుకున్నాడు, పెద్దమ్మ ఇంట్లో నేల మీద సుద్దతో గీసుకుంది, నేను మధ్యవర్తిని కాబట్టి క్యాలెండర్ వెనుక గీసుకున్నాను. పెద్దమ్మ దగ్గర అసలు గవ్వలే ఉన్నాయి, నేను కల్బా తీరంలో చిన్నవి ఏరి తెచ్చుకున్నాను, పెద్దబాపు ఖర్జూరం గింజలను చీల్చుకున్నాడు. ముగ్గురం ఒకే ఫోన్ కాల్‌లో ఉండి, ఎవరి పందెం వాళ్ళు వేసుకుని పైకి చెప్పాలి. మొదటి రెండుసార్లు బాగానే నడిచింది. అసలు కంపెనీతో పనేముంది, చీల్చిన ఖర్జూరం గింజలు చాలు కదా అని నేను పొంగిపోయాను.

మూడోసారి పెద్దబాపు కాయ మళ్ళీ ఇంటి ముందుకు వచ్చింది.

“దస్ వడ్డది,” అన్నాడు.

“మళ్ళ దస్సా?”

“వడ్డదంటున్న గద.”

“ఎవలు సూశిండ్రు?” అంది పెద్దమ్మ. ఆ మాటలో నవ్వు లేదు.

“నీతోని అబద్దం ఆడుతనా?”

పెద్దమ్మ ఇంటి దగ్గర కోడి ఏదో కూస్తోంది. “అచ్చే ఏడు అంత ఖలాస్ జేసుకొని అస్త అని చెప్పవడ్తివి. పిల్ల పెండ్లికి ముందుగాల చెప్పినవ్, పెండ్లయినంక చెప్పినవ్. అది గూడ గిట్ల నోటితోని చెప్పిన పందెమే గద,” అంది.

“బిడ్డా, నువ్వు చెప్పు,” అన్నాడు పెద్దబాపు నాతో. “నేను దొంగాట ఆడెటోన్నా?”

నా ముందు క్యాలెండర్ వెనుక గీసిన గీతలు, ఆరు గవ్వలు తప్ప ఏమీ లేవు. మఫ్రఖ్‌లో ఏం పడిందో నాకు కనిపించదు. లేదు పెద్దబాపూ అన్నాను, వెంటనే అన్నాను, కానీ అప్పటికే పెద్దమ్మ ఫోన్ పెట్టేసింది. యాప్‌లో గవ్వలను ఎవరికీ చెందని చేయి ఏదో వేసేది, ముగ్గురం ఒకేసారి చూసేవాళ్ళం, నమ్మడమా మానడమా అన్న ప్రశ్నే ఉండేది కాదు. అర నిమిషపు గడియారం పెట్టినవాళ్ళకు, పందేలు అమ్మినవాళ్ళకు తాము పాడుచేస్తున్నది ఏమిటో తెలియదు. వాళ్ళ లెక్కల్లో దానికి గడి లేదు. వాళ్ళిద్దరి మధ్య మళ్ళీ ఆట మాట రాలేదు.

తర్వాత పెద్దబాపు రెండు నెలల సెలవు మీద ఊరికి వెళ్ళాడు. వెళ్ళేముందు నేను జరీ అంచు ఉన్న పచ్చీసు గుడ్డ ఒకటి, చెక్క కాయలు, మంచి గవ్వలు తెప్పించి అతని పెట్టెలో పెట్టాను. ఎదురెదురుగా కూర్చుంటే పందెం ఇద్దరికీ కనిపిస్తుంది, ఇక అబద్ధమేముంటుందని నా ధైర్యం. ఆ రెండు నెలలూ అక్కను అడుగుతూనే ఉన్నాను. గుడ్డ బీరువా మీద మడత పెట్టినట్టే ఉందని చెప్పేది. పెద్దబాపు బయట నులక మంచం మీద, పెద్దమ్మ లోపల చాట ముందు. పొద్దంతా ఒకే ఇంట్లో. ఒకరి మీద ఒకరికి కోపం కూడా లేదట.

మరి ఎందుకు ఆడడం లేదని ఆఖరికి విసుగ్గా అడిగాను.

“ఆడుదాం రా అని ముందుగాల ఎవలడుగాలె చెల్లె?” అంది అక్క. “ఆయన అడుగడు. ఆమె అడుగది.”

పెద్దబాపు మళ్ళీ మఫ్రఖ్‌కు వచ్చేశాడు, వీసా ఇంకోసారి పొడిగించారు. నేను ఇప్పుడు కల్బాలో ఒక ఆఫీసులో బిల్లులు టైపు చేస్తాను. ఎవరికీ ఏ వాక్యమూ రాయను. ఆటలు ఇప్పుడు ఇంకా అందంగా ఉన్నాయి, ఇంకా తొందరగా ముగుస్తాయి. కొత్త ఫోన్‌లో ఆ బూడిద రంగు బొమ్మను చూస్తూ నేను నా వీడ్కోలు మాటలను గుర్తు చేసుకోబోయాను గానీ ఒక్కటీ గుర్తుకు రాలేదు. గుర్తున్నది ఇంకో వాక్యం. దాన్ని ఇద్దరి ఫోన్లకూ విడివిడిగా నేనే పంపవచ్చు, నంబర్లు ఉన్నాయి, వేళ తెలుసు. పోయిన వారం టైపు చేసి కూడా చూశాను. మీ జోడీ అరుగు మీద కూర్చున్నారు, వస్తారా? అని. రమ్మంటే వస్తారేమో. వచ్చి కూర్చోవడానికే ఎక్కడా చోటు లేదు.